ఇంటిపేరు లేని అత్తగారు

ఈ రోజు తాలూకా కచేరీలో, రంగూను నుంచి తిరిగొచ్చినవాళ్లకు దరఖాస్తులు రాసిపెడుతూ కూర్చున్నాను. భర్తను అక్కడే పోగొట్టుకున్న ముత్యాలమ్మ తన బిడ్డతోపాటు ఒక బర్మా ముసలామెను వెంటబెట్టుకొచ్చింది. తిరిగొచ్చినవాళ్ల జాబితాలో పేరెక్కకపోతే ముసలామెను మద్రాసు పంపి తిరుగు ఓడ ఎక్కిస్తారట.

"ఈమె ఇంటిపేరు?" అన్నాడు గుమాస్తా.

"వాళ్ల దేశంలో ఇంటిపేర్లుండవయ్యా. మాదే రాయండి."

"మానవతా దృష్టితో మినహాయించాలన్నా బంధుత్వం ఉండాల. నీకేమవుద్ది?"

"మా ఆయన్ని కన్నతల్లి పురిట్లోనే పోయినాది. పాలిచ్చి పెంచింది ఈమే. అత్త గాకపోతే ఇంకేందయ్యా?"

గుమాస్తా నావైపు తిరిగాడు. "చదువుకున్నోరు, మీరు సాక్షి సంతకం పెడితే పైకి పంపిస్తానమ్మా. రేపు విచారణొస్తే పూచీ మీదే."

నేను పెన్నుకు మూత పెట్టేశాను. ముసలామె ఇదేమీ తెలియక, నాకర్థం కాని భాషలో పిల్లదాన్ని నవ్విస్తోంది. మళ్లీ మూత తీసి, ముత్యాలమ్మ వాళ్ల ఇంటిపేరూ, పక్కన "అత్త" అనీ రాసి సంతకం పెట్టాను.

అబద్ధం రాశానేమోనన్న గుబులు ఇంకా వదల్లేదు. రాయకపోయుంటే మాత్రం వదిలేదా? మీరైతే ఏం చేసేవారో చెప్పండి.