పతంగు కాగితం స్పీకర్లు

మా లైనులోని వాళ్ళ ఇంటి మాటలను గోడలోంచి విని బొగ్గుగని సర్దారుకు మోశానని నా మీద నింద వేశారు. నేను మోయలేదు. యాభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, విన్నవాడు లేడు.

నెల కిందట మా కోడలు హాలు గోడకు అరచేతి మందం ఉన్న తెల్ల డబ్బా ఒకటి బిగించింది. పాట పెట్టమంటే పెడుతుంది, వాన పడుతుందా అంటే జవాబు చెబుతుంది. "మనం మాట్లాడేదంత అది ఇంటనే ఉంటదా?" అని అడిగాను. "ఇంటది మామయ్యా, ఇనకపోతే ఎట్ల పనిచేస్తది?" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. వినే గోడను ఇప్పుడు పైసలిచ్చి కొనుక్కుంటున్నారు. నేను ఊరికే పెట్టిన స్పీకర్లకు మాత్రం నన్ను మనుషుల్లో లెక్క కట్టకుండా చేశారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. దానితో కూడా.

అది డెబ్బయ్యో దశకం మొదట్లో. గోదావరిఖనిలో మాకు ఆరు ఇళ్ళ లైను క్వార్టర్లు. ఒకే పెంకుల కప్పు, మధ్య గోడలు పంచుకున్న ఇళ్ళు. ఒకరింట్లో మిరపకాయలు వేగితే ఆరిళ్ళూ తుమ్మేవి. రేడియో ఉన్నది మాత్రం మా ఒక్క ఇంట్లోనే. మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళంతా బొగ్గు చెమట కడుక్కుని మా గడప ముందే కూర్చునేవారు. నా భార్యకు వాకిలి ఊడ్చుకునే సందు ఉండేది కాదు. "రేడియోను తీసుకపోయి సౌరస్తల పెట్టు, లేకుంటే నన్నన్న తీసుకపోయి పెట్టు" అనేది. అప్పుడు పుట్టింది, ఇంటింటికీ గోడ మీద ఒక స్పీకరు పెట్టి, మా రేడియో నుంచి తీగ లాగాలన్న ఆలోచన.

నేను చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా బజారులో పాత పుస్తకాల బండి మీద దొరికిన, అట్ట ఊడిన ఇంగ్లీషు రేడియో పుస్తకం చెప్పింది. అక్షరాలు కూడబలుక్కుంటూ, బొమ్మలు చూస్తూ నేర్చుకున్నాను. అర్థం కాని మాటలను బొగ్గుతో గోడ మీద రాసుకుని, తెలిసినవాడు దొరికితే అడిగేవాడిని. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు కిరాయికిచ్చే అతను చినిగిన స్పీకర్లను మూలన పడేసేవాడు. చినిగింది ముందరి కాగితమే. వెనుక అయస్కాంతం, దాని గుంటలో ఆడే సన్న తీగచుట్ట బాగానే ఉండేవి. ఆ తీగచుట్టకు కొత్త కాగితం కావాలి, బరువు లేనిది. అట్ట అంటించి చూశాను, ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది. పాత సంచీ గుడ్డ అంటించాను, గొంతు నొప్పి పట్టినట్టయింది.

మసీదు వెనుక సందులో పతంగులు కట్టే సాయిబు ఉండేవాడు. నా తిప్పలు చూసి నవ్వాడు. "పతంగయినా గిదయినా ఒక్కటే భయ్. బరువుంటె లేవది" అన్నాడు. గోరంత సన్నగా చీల్చిన వెదురు పుల్లలతో మూరెడు చట్రం కట్టి ఇచ్చాడు. దాని మీద పతంగు కాగితం మూడు పొరలు, పొరకూ పొరకూ మధ్య పలచటి మైదా జిగురు. నీడన ఆరాక తట్టి చూస్తే చిన్న డప్పులా పలికింది. తీగచుట్టను దాని నడుమ అంటించి, అయస్కాంతాన్ని వెనుక చెక్కకు బిగించి, గోడ మేకుకు తగిలించాను. వార్తలు చదివే మనిషి మా గోడలోంచి దగ్గాడు. ఆ దగ్గు విన్న సంతోషం నాకు తర్వాత ఎన్నడూ కలగలేదు. ఆరిళ్ళకు ఆరు కట్టాను, ఎరుపు, పసుపు, ఊదా, ఎవరు అడిగిన రంగు వాళ్ళకు. వానాకాలం కాగితం మెత్తబడి పాటలన్నీ జలుబు చేసినట్టు వచ్చేవి. అయినా ఎవరూ దించనివ్వలేదు.

ఇక నా తప్పు. తప్పు అంటే తప్పే. ఒక పగటిపూట రేడియోకు గ్రామఫోను తగిలించే రంధ్రంలో, పొరపాటున కాదు, చూద్దామనే, పక్కింటి స్పీకరు తీగ పెట్టాను. రేడియోలోంచి సన్నగా పక్కింటి అక్క గొంతు వచ్చింది. పప్పు మాడిందని కోడలిని తిడుతోంది. మాట చెప్పే కాగితమే మాట వింటుంది కూడా! ఆ పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు, నాకు నేనే కనుక్కున్నాను. వెంటనే తీగ తీసేశాను. కానీ నోరు ఊరుకోలేదు. చాయ్ హోటల్లో పదిమంది ముందు గొప్పగా చెప్పుకున్నాను. అందరూ పప్పు ముచ్చటకు పడిపడి నవ్వారు. నవ్వినవాళ్ళంతా ఇంటికి పోయి గోడను చూసుకున్నారని నాకు తెలియలేదు.

మా లైను చివరి ఇంటి కాకకు ఆ నెల జ్వరం తగులుకుని తగ్గలేదు. అప్పటికే నాగాలు ఎక్కువై నౌకరీ ఊగిసలాడుతోంది. అందుకని ఆయన హాజరు బిళ్ళను మావాళ్ళే ఒకరు టోపీ దీపాలిచ్చే గదిలో చూపించి, ఆయన డ్యూటీకి దిగినట్టు రాయించేవారు. ఈ మంతనం జరిగింది మా బావ ఇంట్లో. బావ అంటే చుట్టం కాదు, నాలుగో నంబరు ఇంటి మనిషి. పిలుపులో కలిసిన బంధుత్వం. మూడు రోజులకే సర్దారు, అంటే మా షిఫ్టు పనికి పెద్ద, ఆ బిళ్ళను పట్టుకున్నాడు. కాకను పని నుంచి నిలిపేశారు. ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ సాయంత్రం ఆరిళ్ళ కళ్ళూ నా తీగ వెంటే నడిచి నా గుమ్మం దగ్గర ఆగాయి.

ఒకరు స్పీకరు మీద చద్దరు కప్పారు. ఒకరు గోడవైపు తిప్పారు. రెండో నంబరు అవ్వ అయితే దాని ముందు నిలబడి, నాకు వినపడేలా, "ఓ సర్దారూ, ఇంటున్నవా? మా నల్లల నీళ్ళొస్తలెవ్వు, అది సుత రాసుకో" అన్నది. రేడియో పాడుతున్నప్పుడు అది వినదని, తీగ మార్చి పెడితేనే వింటుందని ఇంటింటికీ తిరిగి చెప్పాను. "వచ్చి నా ఇల్లు చూసుకోండ్రి" అన్నాను. కాక భార్య తలుపు వేసుకుంది. ఆమెను ఏమనగలను?

ఇంటి దగ్గర మాట పోతే బతకవచ్చు. బాయి లోపల పోతే బతకడం కష్టం. గనిని మేం బాయి అంటాం. మాది నలుగురి జట్టు, కప్పు కింద కర్రలు నిలబెట్టే పని. ముందు నడిచినవాడు ఇనుప రాడుతో కప్పును తట్టి, చెయ్యి ఆనించి వినాలి. గట్టి బండ ఖంగుమంటుంది, వదులైంది డబడబలాడుతుంది. విన్నవాడు వెనక్కి తిరిగి "మంచిగున్నది, రా" అనాలి. ఆ మాట వినకుండా ఎవరూ అడుగు వేయరు. అది ఎవరూ రాయని చట్టం. నింద పడిన మరునాటి నుంచి ఆ మాట నాకు చెప్పడం మానేశారు. తట్టినవాడు మిగతా ఇద్దరి భుజం మీద తట్టి పనిలో పడేవాడు. మా జట్టులోనే ఉన్న బావ కూడా అంతే.

నేను నిలబడిపోయేవాడిని. నా రాడుతో నేనే తట్టుకునేవాడిని. భయం, మా మాటలో బుగులు, పట్టిన చెవికి గట్టి బండ కూడా డొల్లగానే వినిపిస్తుంది. ఖంగుమన్నా నమ్మకం లేదు, డబడబలాడినా నమ్మకం లేదు. చేతులు చెమటకు రాడు మీద జారేవి. ఇంట్లో నా భార్య పీట వాల్చినా తల రెండు చేతుల్లో దాచుకునేవాడిని. పదిహేను రోజులు అట్లా దిగాను, అట్లా ఎక్కాను.

పదహారో రోజు కర్ర మీద చీల కొడుతున్నాను. ఉన్నట్టుండి నా చుట్టూ చీకటి ఎక్కువైంది. తల తిప్పి చూస్తే మూడు టోపీ దీపాలు వరసగా వెనక్కి పోతున్నాయి. మాట లేదు, కేక లేదు. సుత్తి వదిలేసి ఆ వెలుగుల వెంట పడ్డాను. వీపు వెనుక గాలి తోసింది, తర్వాత చప్పుడు. దుమ్ము అణిగాక చూస్తే నేను చీల కొట్టిన చోట మంచమంత బండ ఉంది. ముగ్గురూ నీళ్ళ సీసాలు తీసి తాగారు. నాకు ఎవరూ ఇవ్వలేదు. నేను అడగలేదు కూడా.

ఆ రోజు షిఫ్టు దిగి ఆరిళ్ళూ తిరిగి స్పీకర్లన్నీ దించాను. పతంగు కాగితం మీద కాలు వేస్తే చప్పుడు కూడా కాదు. తర్వాత ఆఫీసువాళ్ళకు చేతులెత్తి మొక్కి బాయి పైని పనికి మారాను. కాకకు కొన్నాళ్ళకు పని తిరిగి వచ్చింది. నా పేరు మాత్రం తిరిగి రాలేదు.

కోడలి డబ్బా పుణ్యమా అని పోయిన వారం బస్సెక్కి పెద్దపల్లి పక్కన బావ ఊరికి పోయాను. కంటి ఆపరేషను అయి నల్ల అద్దాలతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతు విని గుర్తుపట్టి, చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు. నేను చాయ్ ముట్టలేదు. "బావా, ఒక్కటే అడుగుత. నువ్వు సుత నమ్మినవా?" అన్నాను. కాలం అన్నింటినీ మాన్పుతుందంటారు. మాన్పదు, అడిగేవాడూ చెప్పేవాడూ ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా కూర్చోబెడుతుంది, అంతే. అద్దాలు తీసి, తుడుచుకుని, బావ అన్నాడు:

"నమ్మలె బావా. ఒక్కనాడు సుత నమ్మలె. గాని నీతోని మాట్లాడితే నన్ను సుత నీ జతల కలుపుదురు. నువ్వు లేని షిఫ్టుల కప్పు ఎట్లున్నదో నాకెవడు చెప్తడు? నాకు గదే బుగులు."