సాక్ష్యం గిల్లే లక్ష్మీనరసయ్య

ముందు గొంతు సవరించుకునే చప్పుడు వినబడేది. మెరక మీంచి దిగే రాళ్ళబండి కిర్రుమన్నట్టుండే ఆ చప్పుడు గిద్దలూరు బజారులో ఈ మూల పుట్టి ఆ మూలకు చేరేలోగా, తీరిక లేనివాళ్ళంతా పక్కసందుల్లోకి జారుకునేవాళ్ళు. ఆ తరువాతే లక్ష్మీనరసయ్య కనబడేవాడు, చంకలో పాత పత్రికతో. సర్కారే చాటుమాటుగా నల్లమందు దొంగరవాణా చేస్తోందని ఆయన ఒకనాడు అందులో చదివాడు. అప్పటినుంచి, ఎదురుపడినవాళ్ళకు అది చదివి వినిపిస్తే తప్ప ఆయనకు అన్నం అరగదు.

"పరదేశాలకు పోయే ఓడల్లో, తేయాకు పెట్టెల అడుగున, సర్కారువారే నల్లమందు దాచి పంపుతున్నారు" అని చదివి, ఊపిరి పీల్చుకుని, "అని ఆరోపణ" అనేవాడు. ఆ తోక తగలడానికి కారణం ఒక పోలీసు జవాను. సర్కారును దొంగంటే లోపలేస్తానని అతను లాఠీ ఊపితే, "నేనన్నానా నాయనా? ఆరోపణ అని అచ్చేసినారు, చూడు" అని ఈయన పత్రిక చూపించి బయటపడ్డాడు. ఆ మాట మహిమ తెలిశాక ఇంట్లోనూ వదల్లేదు. "పులుసులో ఉప్పు లేదు" అనేవాడు. భార్య శ్రీశైలమ్మ గరిటె ఎత్తగానే, "అని ఆరోపణ" అనేవాడు.

గూడ్సు బండి కూత వేస్తే ఆయన ముక్కు పైకి లేచేది.

"వాసన చూడు" అనేవాడు పక్కనున్న కూలీతో.

"బొగ్గు వాసన అన్నా."

"బొగ్గు కింద ఏముందో?"

ఇంత అనుమానమున్న మనిషి, పొద్దు వాలేసరికి నల్లమందు అంగడి అరుగు మీదే కూర్చునేవాడు. సర్కారు లైసెన్సుతో మస్తానయ్య నడిపే అంగడి అది. గొర్రెల కాపరి నాగులు రోజూ అక్కడికి వచ్చేవాడు. నల్లమల కొండల్లో జారిపడి వచ్చిన మోకాలి నొప్పికని మొదలుపెట్టిన మందు, ఇప్పుడు మనిషినే మింగుతోంది. పోయిన వేసవిలో అతను మత్తులో తూగుతుంటే మంద చెదిరి సగం అడవి పాలైంది. మళ్ళీ అట్లా జరిగితే మిగిలిన జీవాలూ పోతాయని, బతుకే వీధిన పడుతుందని అతని భార్య వీరమ్మకు తిన్నా పడుకున్నా అదే దిగులు.

మస్తానయ్య చిన్న తక్కెడలో తూచి ఉండ నాగులు చేతిలో పెట్టగానే లక్ష్మీనరసయ్య చేయి చాపేవాడు.

"ఇట్లియ్యి నాగులూ. ఓడ సరుకేనా చూస్తా."

వాసన చూసి, వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక చివర గిల్లి రుమాలులో ముడివేసుకునేవాడు.

"ఏంది పెద్దనాయనా, గిల్లుతుండావు?"

"సాక్ష్యంరా. కోర్టులో చూపొద్దా?"

"ఇంకెంత సాక్ష్యం కావాల?"

"సర్కారు పెద్దది. సాక్ష్యమూ పెద్దదే ఉండాల."

అంగడి ముందు నవ్వులు విరిసేవి. వానలు పడేనాటికి ఆ సాక్ష్యం కందిబేడ నుంచి కందిగింజగా, కందిగింజ నుంచి శనగగింజగా ఎదిగింది. నాగులుకు మిగిలేది ఆవగింజంత.

"ఆ ముసలాయన సాక్ష్యమని చెప్పి అంతా తానే మింగుతుండాడు వదినా" అని పక్కింటి యల్లమ్మ వీరమ్మ చెవిలో వేసింది.

కొనేది తన మొగుడు, మింగేది ఈయనా? వీరమ్మ కొంగు బిగించి, మిట్టమధ్యాహ్నం లక్ష్మీనరసయ్య పెరట్లోకి దూసుకొచ్చి, ఠక్కున ఆగిపోయింది.

పేడకుప్ప చుట్టూ కోళ్ళు నిద్రపోతున్నాయి. ఒకటి ఒంటికాలి మీద, ఒకటి రోటికి ఆనుకుని. పుంజు రెక్కలు పరిచి, పడిపోయిన గొడుగులా ఉంది. ఒక మబ్బునీడ వాటి మీదినుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళింది. ఒక్కటీ కన్ను తెరవలేదు.

"కోళ్ళకేమైంది అత్తా?"

"ఏం చెప్పేది వీరమ్మా!" అంది శ్రీశైలమ్మ. "మీ మామ అంగడి కాడ గిల్లుకొచ్చిన మందంతా నీళ్ళలో పిసికి ఈ కుప్పలో పోస్తాడు. ఇవి కెలుక్కొని తింటాయి. పెట్టలు గుడ్డు మరిచినాయి. పుంజు పొద్దు నెత్తికొచ్చినాక కూస్తాది."

దొడ్డికి ముళ్ళకంప కడుతున్న లక్ష్మీనరసయ్య ఇంకో కొమ్మ లాక్కున్నాడు.

తెచ్చుకున్న తిట్లన్నీ వీరమ్మ నోట్లోనే కరిగిపోయాయి. ఈమధ్య నాగులు కోడి కూయకముందే లేస్తున్నాడు. మొన్న గొర్రెలను కొండదాకా తోలుకుపోయి, ఒక్కటీ తప్పకుండా తోలుకొచ్చాడు. అదంతా తాను దేవుడికి మొక్కిన మొక్కు ఫలమని ఇన్నాళ్ళూ అనుకుంది ఆమె.

"మామా, ఇదంతా ఆయనతో మాన్పించేదానికా?"

"ఒక్కసారిగా మానమంటే విలవిల్లాడిపోతాడమ్మీ. అట్ల పోయినోళ్ళను చూసినా. తెలీకుండా కొంచెం కొంచెం గిల్లాల."

"మరి కోర్టు?"

"కోర్టు కర్నూల్లో ఉండాది. అంతదూరం ఎవరు పోతారు?"

వీరమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆయనకు చెప్తా మామా. నీ కాళ్ళ మీద పడతాడు."

లక్ష్మీనరసయ్య కంప వదిలి కంగారుగా లేచాడు.

"చెప్పొద్దమ్మీ! దొంగ ముసలోడని నన్ను తిట్టుకుంటా పోతావుంటే, వాని నడక శానా హుషారుగా ఉండాది!"