సూదిలో దారం ఎక్కితేనే కంచం

విచారణ గది బయట వరండాలో కొక్కేనికి వేలాడుతున్న నల్లకోటు తమ్ముడిదే అనుకుని అక్క దాని జేబులో చెయ్యి పెట్టింది. ఒక రుమాలూ, కొన్ని దగ్గు బిళ్ళలూ బయటికొచ్చాయి. ఒక బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుండగా వెనక నుంచి, "అవి నావేనమ్మా" అన్నారెవరో. ఆయన పునర్విచారణ బోర్డు అధ్యక్షుడు. కోటు కూడా ఆయనదే. అక్క బిళ్ళల్ని ఉన్నచోటే పెట్టేసి, జేబు సర్ది, "అంచు కుట్టు ఊడుతోందండీ, వేయించుకోండి" అంది.

ఆవిడది పాత బట్టలు సరిచేసే కుట్టు దుకాణం. జేబులో మరిచిపోయిన నాణెం మీద పడితే సూది విరుగుతుంది గనుక, మిషనెక్కించే ముందు ప్రతి జేబూ తడమడం ఆ పనిలో ఉన్నదే. తమ్ముడు సైన్యం నుంచి తిరిగొచ్చాక ఆ అలవాటు దుకాణం దాటి ఇంట్లోకొచ్చింది. వాడు బ్యారక్‌లో గంజాయి తాగుతూ పట్టుబడ్డాడు. 'దుష్ప్రవర్తన కారణంగా తొలగింపు' అని రాసి పంపేశారు. ఆ ముక్క చూశాక వాడికి కాపలా పనిచ్చే నాథుడు కూడా లేడు. ఇప్పుడు ఫైర్ స్టేషన్‌లో డ్రైవరు పని ఖాళీ ఉంది. ఆ ఒక్క మాటా తీయించుకుని వస్తే తీసుకుంటామన్నారు. ఈ బోర్డు ముందుకు రావడం అందుకే.

వీధిలో అందరూ ఆవిణ్ణి 'సోదా అక్క' అంటారు. అనుమానం పెనుభూతమంటారు గానీ, అక్క ఆ భూతాన్ని మూడు పూటలా మేపి పెంచుకుంది. తమ్ముడు ఈల వేస్తే అనుమానం, వెయ్యకపోతే మరీ అనుమానం. ముఖం రెండోసారి కడుక్కున్నాడంటే, 'ఏం వాసన పోగొడుతున్నాడో' అని తలుపు సందులో కన్ను పెట్టేది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. అప్పటికే మేష్టారూ, పక్కింటాయనా వచ్చి 'బంగారంలాంటి కుర్రాడు' అని చెప్పి వెళ్ళారు. అధ్యక్షుడు ఆవలింత ఆపుకుని, "మీరూ బంగారమనే అంటారా?" అన్నారు.

"లేదండీ. వాణ్ణి నేను నమ్మను."

తమ్ముడు గతుక్కుమన్నాడు.

"సొంత అక్కే నమ్మకపోతే మేమెలా నమ్మాలమ్మా?"

"నమ్మినవాళ్ళు వెతకరు కదండీ. నేను వెతుకుతాను. వాడు ఇంటికొచ్చే వేళకి సూదీ దారం పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. మత్తులో ఉన్న చేతికి దారం ఎక్కదు. ఎక్కిస్తేనే కంచం."

పక్కనున్న ఆఫీసరు కళ్ళు చిట్లించాడు. "రోజూ చేస్తే చెయ్యి అలవాటు పడిపోదూ?"

"ఆ అనుమానం నాకూ వచ్చిందండీ. అందుకే ఏటేటా ఇంకా చిన్న కన్నున్న సూది తెస్తున్నాను. ఇప్పుడున్నది కళ్ళద్దాలు లేకపోతే నాకే ఎక్కదు."

"ఎప్పుడైనా తప్పాడా?" అన్నారు అధ్యక్షుడు.

తమ్ముడు అక్క వైపు చూశాడు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి గానీ, ఆ చూపే ఒక దండం. అక్క చేతిసంచి తాడును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"మొదటి ఏడాది రెండుసార్లు. దారం ఒక దిక్కు, వీడి చెయ్యి ఒక దిక్కు. అన్నం పెట్టలేదు. వీడు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు, నేను వంటింట్లో. ఆ తర్వాత మళ్ళీ తప్పలేదు. తప్పుతాడేమోనని ఇవాళ్టికీ కాచుక్కూర్చున్నా."

వాళ్ళను బయట కూర్చోబెట్టి, కాసేపటికి మళ్ళీ పిలిచారు. "ఆ మాట తీసేస్తున్నాం" అన్నారు అధ్యక్షుడు. "బంగారమని అందరూ అన్నారు. గీటురాయి మీద రుద్ది చూసింది మీరొక్కరే. మీరు వెతికే మనిషని నాకు పొద్దున్నే తెలిసిందిలెండి."

మెట్లు దిగేదాకా తమ్ముడి కాళ్ళు నేలమీద ఆనలేదు. వీధిలోకి వచ్చాక గానీ వాడికి కోపం గుర్తురాలేదు.

"నా అదృష్టం బాగుండి గట్టెక్కాను గానీ, ఆ రెండుసార్ల భాగోతం కూడా అక్కడ విప్పాలా అక్కా? నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"అది దాచిపెట్టి ఉంటే, మిగతాదంతా నాకే అనుమానమొచ్చేదిరా."