పడ్డాయా, తగిలాయా

తొంభైల చివర్లో రాజమహేంద్రవరంలో జువాలజీ పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేసేదాన్ని. మంచు సముద్రాల్లోని తెల్ల బెలూగా తిమింగలాల మీద పరిశోధించేవాళ్లు అక్కడి వేటగాళ్లను అడిగి ఎంతో తెలుసుకుంటారని ఎక్కడో చదివాను. మనకు బెలూగాలు లేకపోతేనేం, ఉప్పాడ ముందర సముద్రంలో డాల్ఫిన్లున్నాయి, అడగడానికి జాలర్లున్నారు. అవి పిల్లల్ని పెట్టే నెలల్లో ఒడ్డు దగ్గర పెద్ద వలలు ఆపించాలా, అక్కర్లేదా అన్నది అధికారులు తేల్చాలి. అందుకు వలల్లో ఎన్ని పడుతున్నాయో నేనిచ్చే లెక్క కోసమే చూస్తున్నారు. అది తలుచుకుని కాస్త మిడిసిపడేదాన్ని కూడా.

ఏడాదిపాటు ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి అందరినీ ఒకటే అడిగాను. "మీ వలలో డాల్ఫిన్లు పడ్డాయా అండి?"

"పళ్లేదండి," అనేవారు. పైగా టీ ఇప్పించేవారు. నేను సున్నా వేసుకునేదాన్ని. వలల వల్ల హాని లేదని రాసిచ్చాను. అధికారులు ఫైలు మూసేశారు. నాకు డాక్టరేటు వచ్చింది.

ఆ సంబరంలో స్వీట్ల డబ్బా పట్టుకుని ఉప్పాడ వెళ్లాను. ఒడ్డున ఆడవాళ్లు చచ్చిన డాల్ఫిన్‌కు పసుపు రాసి బొట్టు పెడుతున్నారు. మూతి చుట్టూ వలతాడు కోసుకుపోయింది. నిండు చూలు. నాకు ఎప్పుడూ టీ ఇప్పించే పెద్దాయన పక్కనే గొయ్యి తవ్వుతున్నాడు.

"ఇదేంటండి? పళ్లేదన్నారుగా?"

"పడ్డం అంటే అమ్ముకునే చేపండి. ఇది మేం మొక్కే తల్లండి. పడిందనకూడదు, తగిలిందంటాం."

"ఇంతకుముందు ఎన్ని తగిలాయి?"

"శానా తగిలాయండి. తగిలాయా అని మీరెప్పుడడిగారు?"

నా చదువు మీద నాకే అసహ్యం వేసింది. వాళ్ల మాట ఒక్కటి నేర్చుకోకుండా వాళ్ల సముద్రం గురించి తీర్పు చెప్పాను.

మా గైడుగారికి చెబితే లేచి తలుపు వేశారు. "డిగ్రీ చేతికొచ్చాక ఇప్పుడెందుకమ్మా తవ్వుకోవడం? ఇద్దరి పరువూ పోతుంది," అన్నారు. కోపం రావాలి కదా, నాకు ఊరట కలిగింది. నా లెక్క తప్పని అధికారులకు రాసిపెట్టుకున్న ఉత్తరం చింపేశాను.

ఆ ఏడు కూడా పిల్లలు పెట్టే నెలల్లో వలలు వేశారు. నేను ఉప్పాడ వెళ్లడం మానేశాను. వెళితే అడగాలి. ఎలా అడగాలో ఇప్పుడు తెలుసు.