ఆ మోచెయ్యి సాల్మన్ మాస్టారిది

అది ఆగస్టు మొదటి వారం. నా రిటైర్మెంట్‌కి ఇంకా పది నెలలున్నాయి. అప్పుడు నేను ఒక దినపత్రిక బందరు జోన్ ఆఫీసులో స్టాఫ్ ఫొటోగ్రాఫర్ని. ఫొటోగ్రఫీ దినోత్సవానికి ఒక నిండు పేజీ వేస్తున్నామని మెయిన్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అంశం బ్యాండ్లు; ఇంగ్లీషులో ఆ మాటకి చారలనీ, వాద్య బృందాలనీ రెండర్థాలు. ఒంటి మీద చారలున్న జీవాల నుంచి వాద్య బృందాల దాకా ఏదైనా తీయొచ్చు. జోన్‌కి నాలుగు ఫొటోలు, వారం గడువు.

చారలు నన్ను పెద్దగా కష్టపెట్టలేదు. మాది బందరు పక్కన చేపల వేటకు వెళ్ళేవాళ్ళ పల్లె. టైగర్ రొయ్యని ఏ పక్క ఎండలో పెడితే చారలు లేస్తాయో నాకొకరు చెప్పక్కర్లేదు. ఒక చెరువు గట్టు మీద తడి అరచేతిలో పెట్టించి తీశాను. దివిసీమలో మోపిదేవి దాటాక, పాములు పట్టే ఆయన ఒక కట్లపామును డబ్బాలోకి పంపుతుంటే దూరం నుంచి టెలీ లెన్సుతో తీశాను. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు, తల ఇటు తిరిగి ఉంది. దగ్గరికి వెళ్ళడానికి నాకేమన్నా పిచ్చా? గూడూరులో ఒక ఉడతతో మూడో ఫొటో కూడా అయిపోయింది. ఇక వాద్య బృందం ఒక్కటే మిగిలింది.

గుడివాడలో సాల్మన్ మాస్టారి బ్యాండ్ మేళం తెలియనివాళ్ళు లేరు. ఆయన క్లారినెట్టు వాయిస్తారు, బృందానికి ఆయనే లీడరు. మొత్తం పదకొండు మంది. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు పట్టీలు. పెళ్ళిళ్ళు, రథోత్సవాలు, క్రిస్మస్ ఊరేగింపులు, నాయకుల ర్యాలీలు, అన్నిటికీ వాళ్ళే. ఇరవై ఆరేళ్ళుగా నేను ఎక్కడ కెమెరా ఎత్తినా వెనక ఆ క్లారినెట్టు వినిపిస్తూనే ఉండేది. వెళ్ళి, మీ ఫొటో కావాలి మాస్టారూ అన్నాను. కాఫీ తెప్పిస్తారనుకున్నాను. ఆయన బీరువా తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు.

అందులో తొమ్మిది పేపరు కటింగులున్నాయి. తొమ్మిదీ నేను తీసినవే. ఒకదాంట్లో మంత్రి గారు చేతులూపుతున్నారు. ఇంకోదాంట్లో రథం, మరోదాంట్లో విగ్రహావిష్కరణ. బ్యాండు ఎందులోనూ లేదు. ర్యాలీ ఫొటోలో ఎడమ అంచున, ఎర్ర గుడ్డలో ఒక మోచెయ్యి మాత్రం ఉంది.

"ఈ మోచెయ్యి నాదేనండీ," అన్నారు మాస్టారు. "మిగతా నన్ను ఎక్కడ పెట్టారో మీరే చెప్పాలి."

మా వృత్తిలో దీన్ని క్రాప్ అంటారు. ఫొటోలో అనవసరమైన భాగాన్ని కోసెయ్యడం. డెస్కు వాళ్ళు కాలమ్ కొలతకి కోస్తారు, అంతకుముందే వ్యూఫైండర్లో మేం కోస్తాం. ముఖ్యుడెవరో చూసుకో, తక్కినదంతా చెత్త అని ఉద్యోగంలో చేరిన వారంలోనే నేర్పారు. ఆ చెత్తలో ఈయన ఇరవై ఆరేళ్ళున్నారు. మా పల్లె జనం మొహాలు పేపర్లో పడాలంటే తుఫాను రావాలి. ఆ సంగతికి రగిలిపోయేవాణ్ణి నేను. మరి నా చేత్తో నేను చేసిందేమిటి? సిగ్గేసింది.

ఆయనకీ, బృందంలో మిగతా పదిమందికీ కావలసింది కళాకారుల గుర్తింపు కార్డు. అది ఇచ్చే ఆఫీసు పేరు చెప్పను. దరఖాస్తుతో పాటు, కళాకారుడు ప్రదర్శన ఇస్తుండగా పత్రికలో పడ్డ ఫొటో జతచేయాలి. సెల్లులో తీసుకున్నవి చెల్లవు. రెండుసార్లు వెనక్కి పంపారట. ఈ నెలాఖరు ఆఖరి గడువు.

"కార్డొస్తే నాకేం మేడలు లేవవండీ. నలభై ఏళ్ళు ఏం చేశావయ్యా అంటే చూపించడానికి ఒక కాగితం ఉండాలి గదా. మేళం వాడివి, నువ్వు కళాకారుడివేంటని నవ్వాడండీ ఆ ఆఫీసు గుమాస్తా," అన్నారు. గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆ కోపం నాకు నచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెదపారుపూడి దగ్గర వాళ్ళ ఊరి చర్చి మెట్ల మీద పదకొండు మందినీ వాయిస్తుండగా నిలబెట్టాను. ఎక్కడ ఎవరిని పెట్టాలన్నది నేను బాగా ఆలోచించే చేశాను. లీడర్ని మధ్యలో పెడితే డెస్కు ఆయన ఒక్కణ్ణి ఉంచి మిగతా పదిమందినీ కోసేస్తుంది. అందుకని బృందం పేరు రాసి ఉన్న బేస్ డ్రమ్మును ఎడమ కొసన, మాస్టార్ని కుడి కొసన నిలబెట్టాను. పైన టోపీల కుచ్చులు, కింద బూట్లు అంచుకి ఆనాయి. ఏ పక్క కత్తి పెట్టినా మనిషి తెగాల్సిందే. కింద క్యాప్షన్లో పదకొండు పేర్లూ వరసగా రాసి పంపాను.

సాయంత్రం డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశారు. పేజీకి ఏ ఫొటో ఎంత పడాలో తేల్చేది ఆయనే.

"క్రాప్ చెయ్యడానికి చోటు వదల్లేదేంటండీ?"

"కావాలనే వదల్లేదండీ."

కట్లపామే పేజీకి లీడ్ ఫొటో అన్నారు. బ్యాండుకి హైదరాబాద్ రాక్ బ్యాండు ఫైలు ఫొటో ఉంది, అది వేస్తాం, పెళ్ళి మేళం ఆదివారం పేజీలో ఏం బాగుంటుంది అన్నారు. అయితే పామునీ రొయ్యనీ ఉడతనీ కూడా ఆపెయ్యండి, నాలుగూ వెనక్కి తీసుకుంటున్నానన్నాను. మెమో ఇస్తానన్నారు. ఇవ్వండి, రిటైరయ్యేలోపు ఒక్కటైనా ఉండాలిగా అన్నాను. మెమో వచ్చింది. "ఫొటోలో అనవసరమైన వారెవరూ లేరు" అని ఒక్క వాక్యం సంజాయిషీ రాసిచ్చాను. పాము లేకపోతే పేజీ లేదని ఆయనకీ తెలుసు.

ఆదివారం పేజీ వచ్చింది. పాము కింద నాలుగు కాలమ్‌లలో మేళం, ఎక్కడా కోత లేదు. అయితే పేర్లన్నీ ఎత్తేశారు. "గుడివాడకు చెందిన ఓ వాద్య బృందం" అని ఊరుకున్నారు. కింద "ఫొటో:" అని నా పేరు మాత్రం భద్రంగా ఉంది.

ఆ పేపరు తీసుకుని సోమవారం మాస్టారు వెళ్తే, ఇందులో నీ పేరేదీ, ఇది నువ్వేనని నమ్మకమేంటి అన్నాడట గుమాస్తా. ఆయన నాకు ఫోన్ చేసి ఒకటే అన్నారు: "రేపు పదింటికి కెమెరా తీసుకుని రండి. ఈసారి ఎవర్నీ వదలకండి."

మర్నాడు పది గంటలకి ఆ ఆఫీసు మెట్ల మీద పదకొండు మంది ఎర్ర కోట్లలో, పేపర్లో ఉన్న వరసలోనే నిలబడ్డారు. ఎడమ కొసన డ్రమ్ము, కుడి కొసన మాస్టారు. గుమాస్తా బయటికొచ్చాడు. అతని చేతిలో పేపరు పెట్టి, "పేరు లేదన్నారు గదండీ. మనిషున్నాడు, పోల్చుకోండి," అన్నారు మాస్టారు. గుమాస్తా పేపరు వంకా, వాళ్ళ వంకా రెండుసార్లు చూశాడు. అప్పుడు డ్రమ్ము మీద దెబ్బ పడింది. ఊరేగింపు బయల్దేరేటప్పుడు వాయించే మార్చ్ పాట ఎత్తుకున్నారు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. లోపలి నుంచి అధికారి గారు వచ్చారు. ఎవరిదండీ పెళ్ళి అనడిగి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆయనా నవ్వు ఆపేశారు. వాయించడం పూర్తయ్యేదాకా నిలబడి విన్నారు. పదకొండు దరఖాస్తులు తీసుకుని, ఒక్కోదాని మార్జిన్‌లో "వాద్యము వాయించగా ప్రత్యక్షముగా చూసితిని" అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకం పెడుతుండగా తీశాను. మెట్లు, బోర్డు, గుమాస్తా, పదకొండు మంది, అందరూ అందులో ఉన్నారు.

డిసెంబరులో కార్డులొచ్చాయి. మాస్టారు బందరు వచ్చి, తన కార్డు నా బల్ల మీద పెట్టి చూపించారు. తర్వాత సంచిలోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసిచ్చారు. తొమ్మిది కటింగులూ అలాగే ఉన్నాయి.

"ఇవి నాకింక అక్కర్లేదండీ. వీటి మీదున్నది మీ పేరే గదా, మీరే ఉంచుకోండి."

ఉంచుకున్నాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను తెలుసుకున్నది ఇంతే: ఫొటోలోంచి మనిషిని కోసేసినవాడు, ఆ కోతకి జవాబుదారీగా తన పేరు అక్కడే రాసుకుంటాడు. నేను తొమ్మిదిసార్లు రాసుకున్నాను.