పన్నెండో ఫిర్యాదు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మూడు చెప్పాల్సిన చోట ముప్ఫై చెబుతాను. మా ఆవిడ నా నోట వచ్చిన ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ లెక్క పెద్దగా తప్పలేదు. మీరూ అలాగే వినండి. అయితే ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్న ఒక బరువు ఉంది. దాన్ని దేనితో భాగించినా తగ్గడం లేదు. ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజులవి. ఈ పరాయి దేశంలో, పాయా లేబర్ రైలు స్టేషన్ మెట్ల మీద నిలబడి "బావా" అని కేకేస్తే పదిమంది ప్రోగ్రామర్లు వెనక్కి తిరిగేవారు. మా ఆఫీసు ఆ పక్కనే, ఏడో అంతస్తులో. ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, టీ కప్పు బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కునేలోపు గడ్డకట్టేది.

మా చేతిలో ఉన్న పని ఈజిప్టులో ఒక పట్టణానిది. కుళాయి రావడం లేదనీ, వీధి దీపం వెలగడం లేదనీ, చెత్త తీయడం లేదనీ అక్కడి జనం చేసే ఫిర్యాదులను అక్కడి గుమాస్తా టైపు చేస్తే ఇక్కడ మా తెర మీద పడేవి. రెండు వారాలు దాటినా జవాబు లేని ఫిర్యాదు ఎర్రగా మారుతుంది. నెల తిరిగేసరికి తెర మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా తయారైంది. ఆ ఎరుపు తగ్గితే గానీ ఆ పట్టణం అధికారులు మా పని బాగుందని సంతకం పెట్టరు. వాళ్ల సంతకం పడితే గానీ మా ఉద్యోగాలు పొడిగించరు.

మేనేజరు ఒకరోజు నా వెనక నిలబడి ఇక్కడి యాసలో ఒక్క మాట అన్నాడు. "వై సో రెడ్, లా?" అంతే. దాచమని ఆయన అనలేదు. ఎవరూ అనలేదు. ఆ ఆలోచన నాదే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రెండు నియమాలు రాశాను. జవాబు రాని ఫిర్యాదు రెండు వారాలకు దానంతట అదే 'పరిష్కారమైంది' అయిపోతుంది. అదే ఇంటి నుంచి అదే గోడు మళ్లీ వస్తే 'పాతదే' అని పక్క పెట్టెలో పడుతుంది, అక్కడి అధికారులకు కనబడదు. పట్టుమని ఇరవై లైన్లు కూడా లేవు. మర్నాటికి తెర పచ్చటి వరిచేను. ఒక్క పైపు బాగుపడకుండా ఊరంతా బాగుపడింది. మేనేజరు సంబరపడి, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో నాకు పీత కూర తినిపించాడు. దాని ఒక్క డెక్కతో మా ఫ్లాట్ తలుపుకు గడియ పెట్టుకోవచ్చు.

ఆ పక్క పెట్టెను చూసేది ఈ ప్రపంచంలో ఇద్దరమే. నేనూ, నసీర్ భాయ్. ఆయనది హైదరాబాద్. ఎనిమిదేళ్లు జెద్దాలో పనిచేసి వచ్చినవాడు, అరబ్బీ వచ్చు. నాకు ఒక్క అక్షరం రాదు. ఆయన చదివి చెబితే నేను వినేవాణ్ణి.

అందులో ఒకావిడ ఉండేది. బడిలో టీచరు. వాళ్ల వీధిలో మురుగు పొంగి గుమ్మం దాకా నిలిచింది. దాటడానికి ఇటుకలు పరుచుకున్నారు. ఆవిడ దాటుతుంది, తల్లి దాటలేదు. తల్లికి కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఇరుగుపొరుగువాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి మోసేవారు. ఒకనాడు మోసేవాళ్లలో ఒకరి కాలు ఇటుక మీద జారింది. ఆ రోజు ఆస్పత్రి తప్పింది.

ఆవిడ పదకొండుసార్లు రాసింది. ఈ అంకెను భాగించకండి.

ఏడోది వచ్చిన రోజు నసీర్ భాయ్ కుర్చీ నా వైపు తిప్పాడు.

"అన్నా, టీచరమ్మ మళ్ల రాసింది. ఏమంటున్నదో ఎరుకేనా? 'పరిష్కారమైంది అని మీ కాగితం అందింది. ఎవరి వీధిలో అయిందో చెప్పండి, మా అమ్మను ఆడికి తీస్కపోతా' అంటున్నది."

నేను నవ్వాను. "మనకంటే బాగా రాస్తోంది భాయ్. ఉద్యోగం ఇప్పిద్దామా?"

"జోకులు తర్వాత ఎయ్. ఒక్క బటన్ అన్నా. ఆమెది మళ్ల తెరువు. ఆళ్ల ఆఫీసోళ్లకు కనబడ్తది."

"తెరిస్తే ఎరుపొస్తుంది. సంతకం సోమవారం."

"ఒక్క ఎరుపే గద."

"అసలు డేటా మనం ముట్టుకోకూడదు భాయ్. రూలు."

"రూలు రాసినోడివి నువ్వే గదన్నా."

నేను కీబోర్డు వైపు తిరిగాను.

సోమవారం సంతకం పడింది. ఉద్యోగం రెండేళ్లు పొడిగించారు. అప్పుడైనా తెరవొచ్చు కదా? తెరవొచ్చు. కానీ అప్పుడు తెరిస్తే, ముందే ఎందుకు తెరవలేదన్న ప్రశ్న వస్తుంది, అది మేనేజరు అడిగేది కాదు, నన్ను నేను అడగాల్సింది, కాబట్టి మూసి ఉంచడమే సుఖమనిపించింది. ఆ ఊరి అధికారులు రోజూ ఆ మురుగు పక్కనుంచే నడిచి నడిచి దాన్ని చూడటం మానేసి ఉంటారు. వాళ్లకు అలవాటు అనే సాకు ఉంది. నాకేముంది? నాకు ఆ వాసన కూడా తగల్లేదు.

ఆ నెలలోనే మా బ్లాకు లిఫ్టులో దీపం మినుకుమినుకుమంది. ఫోన్ చేశాను. రిసీవరు పెట్టేలోపు నిచ్చెనతో మనిషి ప్రత్యక్షం. సరే, మధ్యాహ్నానికి వచ్చాడు. బల్బు మార్చి, మా తలుపు తట్టి, "ఓకే ఆ, అంకుల్?" అని అడిగి, నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నన్ను అడిగాకే నా ఫిర్యాదు మూశాడు. సంతకం పెడుతుంటే నా చెయ్యి ఆగింది. ఎంతసేపు? చాలా కొంచెంసేపు.

నసీర్ భాయ్ తిరిగి జెద్దా వెళ్లిపోయాక టీచరమ్మ ఇంటి నంబరుతో పన్నెండోది వచ్చింది. మురుగు పోయిందనీ, వీధి ఎండిందనీ, ఇటుకలు తీసేశారనీ, అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎండకు కూర్చుంటోందనీ. భాయ్ ఫోన్ చేసి "టీచరమ్మ ఏమైందన్నా?" అంటే ఇదే చెప్పాను. "అల్‌హందులిల్లాహ్" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ కోతలు కోస్తానని మొదట్లోనే చెప్పినవాణ్ణి, ఏది కోతో చెప్పకపోతే ఆ ఒప్పుకోవడానికి విలువ లేదు. టీ గడ్డకట్టలేదు. పీత మామూలు పీతే. ఇవి మీరే పట్టుకుని ఉంటారు.

పన్నెండోది వచ్చిన మాట నిజం. అందులో ఏముందో నాకు తెలియదు. ఎవరితోనూ చదివించలేదు. ఎండిన వీధీ, తీసేసిన ఇటుకలూ, గుమ్మంలో కుర్చీ, అన్నీ నేను కల్పించినవే.

ప్రింటు తీసి దాచాను. మిగతా పదకొండూ అరపేజీ చొప్పున ఉండేవి, ఇది రెండే పంక్తులు. ఇప్పుడు ఫోను కెమెరా చూపిస్తే చాలు, తెలుగులో చెప్పేస్తుందట. ఎన్నోసార్లు చూపించబోయాను. కాదు, రెండుసార్లు. రెండుసార్లూ మడిచి లోపల పెట్టేశాను. ఈ పూటా మడిచే ఉంది.

మీతో చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. అంతవరకే. మీరు ఇది చదివి పక్కన పెట్టేటప్పుడు, దయచేసి, పరిష్కారమైందని మాత్రం అనుకోకండి.