దియోనిసియా చాలు వెయ్యనంది

మా దియోనిసియా వదిన మొండిఘటం. ఆ మాట ఆమె ముందే అంటాను, నాకేం భయం? పద్దెనిమిదేళ్లు వాంకాయో పట్నంలోని ప్రయోగశాలలో మట్టి కడిగి, సూక్ష్మదర్శినిలో బంగాళాదుంప పురుగుల్ని లెక్కపెట్టింది. మా అన్న పోయాక ఊరికి వచ్చేసింది. ఈ ఏడు ఊరు ఆమెకు పొలంకాపు కర్ర ఇచ్చింది. ఆ కర్ర పట్టినవాళ్లు మొదటి చాలు వేస్తేగాని బీడు తెరవకూడదు. అది మా పుకాపంపా ఊరి కట్టుబాటు.

దుంప తీసిన నేలను ఏడేళ్లు బీడు పెడతాం. మట్టిలో గుడ్లై కాచుకుని ఉన్న పురుగు తిండిలేక చావాలంటే అన్నేళ్లూ కావాలి. దిగువ చేలను తొందరపడి ఐదేళ్లకే తెరిచారు, పంట సగానికి పడిపోయింది. అయినా బుద్ధి రాలేదు. ఇప్పుడు పై బీడును మూడేళ్లకే తెరుద్దామంటాడు ఊరిపెద్ద మెలితోన్. పట్నం నుంచి ఒక ఇంజనీరును కూడా వెంటేసుకొచ్చాడు.

సభలో నమలడానికి కోకా ఆకుల సంచి చేతులు మారుతుండగా ఇంజనీరు లేచాడు.

"ఇక బీడు అక్కర్లేదండీ. పురుగును కాపాడే జన్యువు దొరికిపోయింది. దాన్ని అణిచే మందు నేడో రేపో వచ్చేస్తుంది."

"దొరికిందని నాకే చెబుతున్నావా నాయనా?" అంది వదిన. "లెక్కపెట్టింది ఈ కళ్లే. పురుగు వేరులో దూరగానే మొక్క ఊరుకోదు, మంటపుట్టించే ద్రవం చిమ్ముతుంది. పుండు మీద పోస్తే నురగొస్తుందే, ఆ మందులాంటిదే. ఆ జన్యువు పురుగు ఒంట్లో ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది, అదేమో ఆ మంటను ఉత్త నీళ్లు చేసేస్తుంది. మేం జన్యువును అణిచిపెడితే పురుగులు చచ్చాయి, నిజమే. గాజు గిన్నెలో చచ్చాయి. నాలుగు రోజులు పోయాక, మిగిలినవాటిలో అది మళ్లీ లేచి కూర్చుంది. మా పొలమేమన్నా గాజు గిన్నెలో ఉందా?"

జనం నవ్వారు. మెలితోన్ మొహం మాడిపోయింది.

"గిన్నెలు కడిగినదానివి, చదువుకున్నోళ్లకి నువ్వు చెప్పొచ్చావా?"

"కడిగాను గనకే అడుగున ఏం మిగిలిందో చూశాను."

"రేపు చాలు వెయ్యి. లేదా కర్ర పోతుంది, దిగువ చేలో నీ వంతూ పోతుంది."

ఆ వంతు తప్ప ఆమెకు దుంప పండే నేల లేదు. "ఒక్క చాలేగా వదినా, వేసెయ్" అని శాలువా లాగాను.

"నువ్వు నోర్ముయ్ మరిదీ" అంది. కర్ర తెచ్చి మెలితోన్ కాళ్ల దగ్గర పెట్టింది. "వంతు కూడా తీసుకో. చాలు మాత్రం వెయ్యను."

"ఎవరు పట్టుకుంటారు కర్ర?" అన్నాడు మెలితోన్.

ఎవరూ కదల్లేదు. ఏడాది మధ్యలో కర్ర చేతులు మారితే వడగళ్లు పడతాయని మా భయం. పడితే తిట్లన్నీ పట్టినవాడికే. అంత గొంతు చించుకున్న మెలితోన్ కూడా వంగలేదు. నేనూ వంగలేదు, వదిన పక్కన నిలబడనూ లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బీడు బీడుగానే ఉంది. వదిన వంతును మాత్రం మెలితోన్ మేనల్లుడు దున్నుకున్నాడు. మొన్న నేను ఎండుదుంపల మూట తీసుకెళ్తే గుమ్మంలోనే ఆపేసింది.

"నీ పిల్లలకి పెట్టుకో పో. అక్కడ బీడులో పురుగూ పస్తే, ఇక్కడ నేనూ పస్తే. ముందెవరు చస్తారో చూద్దాం."